ముల్లు చూపు వేగము, చక్రము పోవు వేగము

గడియారపు ముల్లును మనమెట్లు నమ్ముదుమో, కారు నడుపువాడు తన యెదుట నున్న స్పీడామీటరు ముల్లును అట్లే నమ్మును. అది 80 అంకెపై నిలిచినచో, తాను గంటకు 80 కిలోమీటర్ల వేగముతో పోవుచున్నానని నిశ్చింతగా నుండును. కాని ఆ ముల్లునకు రోడ్డు కనబడదు. దానికి తెలిసినదెల్ల ఒక్కటే: చక్రము ఎన్ని చుట్లు తిరిగినది? చక్రమునో టైరునో మార్చినవారు ఈ సంగతి మరచినచో, ముల్లు మునుపటివలెనే నిబ్బరముగా నిలిచి అసత్యము చెప్పుచుండును.

కృష్ణాజిల్లా మెట్టప్రాంతపు వారికి ఈ విషయము తెలిసియుండుట చాల అవసరము. 2022 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరిన ఈ ప్రాంతము గుండ, హైదరాబాదు నుండి విజయవాడకు వచ్చు 65వ జాతీయ రహదారి పోవుచున్నది. అది గరికపాడు వద్ద పాలేరు దాటి జగ్గయ్యపేట, చిల్లకల్లు, నందిగామ, కంచికచర్లల మీదుగా సాగును. జగ్గయ్యపేట వైపు సిమెంటు లారీలు, నందిగామ వైపు పత్తి, మిరప బస్తాల లారీలు, నడుమ కిరాయి కార్లు, మోటారు సైకిళ్ళు రేయింబవళ్ళు తిరుగుచుండును. ఆ రోడ్డునే ఊళ్ళవారు, పశువులు, ట్రాక్టర్లు అడ్డముగా దాటుచుందురు. అట్టి చోట వేగము విషయమున నాలుగైదు కిలోమీటర్ల పొరపాటు కూడ చిన్నది కాదు.

మూలసూత్రము బండిచక్రమంత సులువైనది. ఎడ్లబండి చక్రపు కమ్మికి ఒక గుడ్డపేలిక కట్టి, ఊరి నుండి చెరువు వరకు బండి తోలుకొని పోవుచు, ఆ పేలిక ఎన్నిమారులు నేలకు తగిలినదో లెక్కింపుడు. చక్రపు చుట్టుకొలతచే ఆ లెక్కను గుణించినచో దూరము వచ్చును. ఇప్పుడు అదే బండికి ఇంకొంచెము పెద్ద చక్రము తొడిగి, అదే దారిన పొండు. చుట్లు తగ్గును. చక్రము మారిన సంగతి తెలియక పాత చుట్టుకొలతతోనే గుణించినవాడు చెరువు దగ్గరకు జరిగినదని చెప్పును! స్పీడామీటరు చేయునది సరిగా ఇదే.

ఈ యంత్రము పాతదే. జర్మను ఇంజనీరు ఆటో షుల్జ్ 1902లో దీనికి పేటెంటు పొందెను. ఆ పద్ధతిలో గేరుపెట్టె నుండి వచ్చు ఒక తీగ త్రాడు లోపల అయస్కాంతమును త్రిప్పును. దానిపై బోర్లించిన అల్యూమినియపు గిన్నె ఆ అయస్కాంతమును తాకకయే, విద్యుత్ప్రేరణవలన దాని వెంట తిరుగ జూచును. సన్నని స్ప్రింగు ఆ గిన్నెను వెనుకకు లాగును. ఈ రెండు బలములు సరితూగిన చోట ముల్లు నిలుచును. నేటి కార్లలో త్రాడునకు బదులు, గేరుపెట్టె వద్దనో చక్రముల వద్దనో ఉండు విద్యుత్పరికరము చుట్లను లెక్కించుచున్నది. సాధనము మారినది గాని సూత్రము మారలేదు. ఒక చుట్టునకు ఎంత దూరమో కర్మాగారములో ముందే నిర్ణయించి యుంచెదరు.

ఇందులో ఒక మెలకువ కలదు. ముల్లు అసలు వేగముకంటె ఎన్నడును తక్కువ చూపరాదని అంతర్జాతీయ నియమము. ఐక్యరాజ్య సమితి ఐరోపా ఆర్థిక సంఘము వారి 39వ నియమము ప్రకారము, ముల్లు ఎక్కువ చూపవచ్చును; ఆ ఎక్కువ అసలు వేగములో పదవవంతు, ఆపైన 4 కిలోమీటర్లు మించరాదు. అనగా నిజముగా 80తో పోవుచున్నప్పుడు ముల్లు 80 మొదలు 92 వరకు ఎచటనైన ఉండవచ్చును. అందుచేతనే కంపెనీలు ముల్లును కొంచెము ముందుగా నిలుపుదురు. ఆ కొంచెమే మన రక్షణకు కట్టిన గట్టు. పెద్ద టైరు వేయుట ఆ గట్టును తవ్వుట వంటిది.

ఇక టైరు పెద్దదో చిన్నదో తెలియుట ఎట్లు? టైరు ప్రక్కన 165/80 ఆర్ 14 వంటి అంకెలుండును. మొదటి అంకె వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండవది టైరు గోడ ఎత్తు, ఆ వెడల్పులో నూటికి ఎన్ని పాళ్ళో చెప్పును. చివరిది రిమ్ము వ్యాసము, అంగుళములలో. 165లో నూటికి 80 పాళ్ళు 132. క్రిందొక గోడ, పైనొక గోడ గనుక 264. 14 అంగుళములు 355.6 మిల్లీమీటర్లు. కూడినచో టైరు మొత్తము వ్యాసము సుమారు 620 మిల్లీమీటర్లు.

ఇదే లెక్కన 185/65 ఆర్ 15 టైరు వ్యాసము 621.5. చూచితిరా! రిమ్ము ఒక అంగుళము పెరిగినది, వెడల్పును పెరిగినది. కాని గోడ కురుచైనందున మొత్తము వ్యాసమునకు మార్పు లేనట్లే. ఈ మార్పువలన ముల్లు తప్పదు. అదే 15 అంగుళముల రిమ్మునకు చూడముచ్చటగా నున్నదని 205/65 టైరు వేసినచో వ్యాసము 647.5 అగును. అది నూటికి నాలుగున్నర పాళ్ళు ఎక్కువ. కిలోమీటరునకు 514 చుట్లు తిరుగవలసిన చక్రము 492 చుట్లే తిరుగును. పూర్వము సరిగా 100 చూపిన ముల్లు ఇప్పుడును 100 చూపును. కారు మాత్రము 104.5తో పోవుచుండును. 2018లో కేంద్రప్రభుత్వము నాలుగు వరుసల రహదారులపై కార్లకు విధించిన పరమావధి గంటకు 100. చాలచోట్ల బోర్డులపై అంతకంటె తక్కువయే యుండును. ముల్లు హద్దులోనున్నను కారు హద్దు దాటినట్లే. అంతకు మించిన ముప్పు మరొకటి: బ్రేకు వేసిన పిమ్మట కారు ఆగుటకు పట్టు దూరము వేగపు వర్గమును బట్టి పెరుగును. వేగము నాలుగున్నర పాళ్ళు పెరిగిన, ఆ దూరము తొమ్మిది పాళ్ళు పెరుగును.

చిన్న టైరు వేసినవారి కథ వేరు. వారి ముల్లు అసలుకంటె ఎక్కువ చూపును గనుక ప్రాణమునకు అపాయము లేదు, డబ్బునకు కలదు. 620 మిల్లీమీటర్ల చోట 570 మిల్లీమీటర్ల టైరు వేసిన కారులో జగ్గయ్యపేట నుండి విజయవాడకు పోయి వచ్చితిమనుకొనుడు. రాకపోకలు సుమారు 160 కిలోమీటర్లు. మీటరు 174 చూపును. కిలోమీటరునకింత అని మాటలాడుకొన్న కిరాయిదారుడు తిరుగని 14 కిలోమీటర్లకు సొమ్ము చెల్లించును. పెద్ద టైరు విషయములో నష్టము కారు యజమానికి; 160 తిరిగిన కారు 153 మాత్రమే చూపును. పెట్రోలు లెక్కయు అట్లే తారుమారై, బండి లీటరునకు తక్కువ ఇచ్చుచున్నదని నిష్కారణముగా మెకానిక్కు వద్దకు పరుగిడుదురు.

లారీల సంగతి మరింత గట్టిగా చూడవలెను. 9.00-20 టైరు వ్యాసము సుమారు 1020 మిల్లీమీటర్లు, 10.00-20 టైరుది సుమారు 1055. బరువు మోయునని మొదటిదాని చోట రెండవది వేయుట వలన మూడున్నర పాళ్ళ తేడా వచ్చును. సరకు వాహనములకు గంటకు 80 వద్ద వేగమును నిలుపు పరికరము అమర్చుట కద్దు. అదియు చుట్లనే నమ్మును గనుక, పెద్ద టైర్ల లారీని దాదాపు 83 వరకు పోనిచ్చును. మోటారు సైకిళ్ళలో చాలవానికి లెక్క ముందు చక్రము నుండి పోవును. వానిలో వెనుక టైరు మార్చినను ముల్లునకు పట్టదు, ముందు టైరు మార్చిన పట్టును.

టైరు అరుగుదలయు కొంత తేడా తెచ్చును. క్రొత్త కారు టైరు గాడి లోతు సుమారు 8 మిల్లీమీటర్లు. అది 1.6కు అరిగిన నాటికి వ్యాసము దాదాపు 13 మిల్లీమీటర్లు తగ్గును. అనగా నూటికి రెండు పాళ్ళు. అరిగిన టైరుతో ముల్లు ఎక్కువ చూపుచు వచ్చి, క్రొత్త టైరు వేసిననాడు మరల తగ్గును.

మీ ముల్లును పరీక్షించుటకు ఖరీదైన పరికరములు అక్కరలేదు. రోడ్డు ప్రక్కన రాళ్ళున్నవి గదా. ఇప్పటికిని మనము వానిని మైలురాళ్ళనియే పిలుతుము గాని, వానిపై నున్నవి కిలోమీటర్లే. తెల్లవారిన పిమ్మట రద్దీ లేనివేళ, ముల్లును కదలనీయక 60 వద్ద నిలిపి నడుపుడు. ప్రక్కన కూర్చున్నవారు గడియారము చూడవలెను, నడుపువాడు చూడరాదు. ఒక రాయి నుండి ఐదవ రాయి వరకు ఎన్ని సెకండ్లు పట్టినవో వ్రాసికొని, 18,000ను ఆ అంకెతో భాగించినచో అసలు వేగము వచ్చును. 300 సెకండ్లయిన సరిగా 60. 315 పట్టిన 57. ముల్లు ఎక్కువ చూపుచున్నది, భయము లేదు. 290 మాత్రమే పట్టిన 62. ముల్లు తక్కువ చూపుచున్నది, జాగ్రత్త పడవలెను. రాళ్ళు పాతుటలో హెచ్చుతగ్గులుండవచ్చును గనుక ఒక్క కిలోమీటరుతో తృప్తి పడరాదు. ఉపగ్రహముల సాయముతో వేగము చూపు చేతి ఫోనును కూడ తోడుగా నుంచుకొనవచ్చును. తిన్నని రోడ్డుపై నిలకడగా పోవునప్పుడు అది చక్కగా చెప్పును.

తేడా కనబడినచో చేయవలసినది రెండింటిలో ఒకటి. కంపెనీ ఒప్పుకొన్న కొలత టైరునకు మరలి పోవుట మొదటిది. ఆ కొలతలు తలుపు వారనుండు పట్టికలోను, వాహనముతో ఇచ్చు పుస్తకములోను ఉండును. రెండవది, కర్మశాలలో క్రొత్త చుట్టుకొలతకు మీటరును సవరింపించుట. పాత త్రాడు పద్ధతి బండ్లలో చిన్న పళ్ళచక్రమును మార్చి సవరింతురు. క్రొత్తవానిలో యంత్రమునకు అంకె తెలుపుదురు. కాని కంపెనీ నిర్ణయించిన వివరములకు భిన్నముగా వాహనమును మార్చరాదని మోటారు వాహన చట్టము 52వ విభాగము చెప్పుచున్నది గనుక మొదటి మార్గమే మేలు.

టైరు కొనబోవునప్పుడు దుకాణములో వెల అడుగుదురు, మన్నిక అడుగుదురు. ఆ రెంటితోపాటు పాత టైరు వ్యాసమెంత, క్రొత్తదాని వ్యాసమెంత అని కూడ అడుగుడు. కాగితముపై రెండు నిమిషముల లెక్క అది. తేడా నూటికి ఒకటి రెండు పాళ్ళు దాటినచో, ఎంత అందముగా నున్నను ఆ టైరును దుకాణములోనే వదలి రండు.