సేవకు లెక్క వ్రాయవలెనా?

2022 శ్రీరామనవమి నాటి మాట. బరంపురంలోని మా తెలుగు సంఘం పందిట్లో పానకం, వడపప్పు పంపకం ముగిసిన తరువాత కుర్రవాళ్ళు నలుగురు నా ప్రక్కన వచ్చి కూర్చున్నారు. “బాబాయిగారూ, ఏటేటా పండుగలు చేసుకుంటూనే ఉన్నాం. మన పేటలో పిల్లలు దీపాలు పెట్టేవేళకు కూడా వీధుల్లోనే తిరుగుతున్నారు. వాళ్ళకు చదువు చెప్పాలి, వీధి బాగుచేయాలి, తుపాను వస్తే ఆదుకునేందుకు మనుషులను ముందుగా తయారుచేసుకోవాలి. ఇటువంటి దేశసేవకు గ్రాంట్లు ఇస్తారట. మీరు ఆఫీసులో పనిచేసేవారు గదా, ఒక అర్జీ వ్రాసిపెట్టండి” అన్నారు.

నాకు కొంచెం గర్వం కలిగిన మాట నిజం. మెట్రిక్ చదువుతో గుమాస్తాగా చేరి ఇరవై యేళ్ళుగా ఇతరుల అర్జీలకు నంబర్లు వేస్తున్నవాణ్ణి. తెలుగులోనూ ఒరియాలోనూ నాలుగు ముక్కలు వ్రాయగలను. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని లోకం మావంటి వారిని చూసే గదా అంటుంది! ఆ పూజారులలో ఒకడు మనవాడే అయినప్పుడు సంఘానికి ఏమి కొరత అనుకున్నాను. అది తప్పని తెలుసుకోవటానికి మూడేళ్ళు పట్టింది. ఇతర ఊళ్ళలోని మన సంఘాలవారికి పనికిరావచ్చునని ఆ సంగతి వ్రాస్తున్నాను.

మొదటి అర్జీని ఇప్పుడు తలచుకుంటే సిగ్గు వేస్తుంది. నాలుగు పేజీలు నింపాను. జాతి పునర్నిర్మాణం, యువశక్తి, సమాజాభ్యుదయం వంటి పెద్ద మాటలన్నీ అందులో ఉన్నవి. పిల్లలెందరు, చదువు చెప్పేవారెవరు, ఏ గదిలో, వారానికి ఎన్ని రోజులు అన్న చిన్న మాటలు మాత్రం లేవు. అయిదు లక్షలు కావాలని వ్రాశాను. అయిదే ఎందుకని ఎవరైనా అడిగితే నా దగ్గర సమాధానం లేదు. ఒక కంపెనీవారి ధర్మనిధికి దానిని పంపించి ఎదురుచూశాము.

నెల తిరగకుండా జవాబు వచ్చింది. ఇటువంటి పని మీ సంఘం కనీసం మూడేళ్ళుగా చేస్తున్నట్లు ఆధారాలు పంపండి, ఆడిట్ అయిన లెక్కలు జతపరచండి అని దాని సారాంశం.

మావాళ్ళకు కోపం వచ్చింది. చేయలేదా మనం? 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు సంఘం హాలులో పొయ్యిలు పెట్టి వండిపోశాము. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు బియ్యం బస్తాలు భుజాన మోసుకుపోయాము. 2020లో కరోనా వేళ ఇళ్ళిళ్ళకూ తిరిగి సరుకులు ఇచ్చాము. అన్నీ నిజమే. కాని బియ్యం ఎవరు ఇచ్చారో, ఎన్ని బస్తాలో, ఎవరికి చేరినవో చెప్పే కాగితం ముక్క ఒక్కటి లేదు. చేసిన మేలు చెప్పుకోరాదని మన పెద్దలు పెంచిన పెంపకం అది. చెప్పుకోకపోవటం వేరు, వ్రాసిపెట్టుకోకపోవటం వేరు అని అప్పటికి మాకు తోచలేదు.

ఆ సమయంలోనే ఒక పెద్దమనిషి మా కార్యవర్గ సభ్యుల వద్దకు వచ్చాడు. “బిల్లులకేమి భాగ్యం? పాత తేదీలతో నేను తెప్పిస్తాను. గ్రాంటు చేతికి వచ్చిన తరువాత నూటికి పది నాకు ఇస్తే చాలు” అన్నాడు. కార్యవర్గం రెండుగా చీలింది. చేసిన సేవ నిజమే, కాగితం ఒక్కటే గదా అబద్ధం అని కొందరి వాదన. దాచటమెందుకు, నా మనస్సు కూడా సగం వారివైపే ఉన్నది. ఆఫీసులో ఇంతకంటె పెద్ద చిత్రాలు చూసిన కళ్ళు గదా!

మా కోశాధికారి పాతకాలపు స్కూలు మేష్టారు. ఆయన అంతా విని నావైపు తిరిగి, “నాయనా, నిజమైన పనికి అబద్ధపు సాక్షిని ఎందుకు పెడతావు? రేపు ఒక్క బిల్లు దొంగదని తేలితే, తుపానులో మన పిల్లలు మోసిన బస్తాలు కూడా దొంగవే అవుతాయి” అన్నారు. తరువాత ఎవరూ మాట్లాడలేదు. “డబ్బు లేకుండా చేయగలిగింది ఎంతో అంత రేపే మొదలుపెట్టండి. లెక్క నేను వ్రాస్తాను” అని ఆయనే సభ ముగించారు.

లెక్క అడగటం అవమానం కాదని చెప్పటానికి మేష్టారు మాకు దుర్గాబాయమ్మగారి కథ చెప్పేవారు. 1923లో కాకినాడ కాంగ్రెసు సభలప్పుడు ఆమెకు పధ్నాలుగేళ్ళు. ఖద్దరు ప్రదర్శన ద్వారం దగ్గర వాలంటీరుగా నిలబడి, టిక్కెట్టు లేదని నెహ్రూగారినే ఆపివేసింది. నిర్వాహకులు టిక్కెట్టు కొని ఇచ్చిన తరువాతనే లోపలికి పోనిచ్చింది. ఆ పిల్లే పెద్దదై 1937లో చెన్నపట్నంలో ఆంధ్ర మహిళాసభ స్థాపించింది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు మొట్టమొదటి అధ్యక్షురాలై దేశంలోని స్వచ్ఛంద సంస్థలకు గ్రాంట్లు అందే ఏర్పాటు నడిపింది. టిక్కెట్టు అడిగిన చేయే తరువాత గ్రాంట్లు ఇచ్చింది. ఆ రెండు పనులూ ఒకే ధర్మమని మేష్టారి మాట.

ఆమె భర్త చింతామణ్ దేశముఖ్‌గారికీ ఈ విషయంతో సంబంధం ఉన్నది. 1959లో ఆయన అధ్యక్షతన వేసిన సంఘం, హైస్కూలు ముగించి కాలేజీలో చేరబోయే విద్యార్థులకు తొమ్మిది నెలల నుండి ఏడాది దాకా దేశసేవ తప్పనిసరి చేయవలెనని చెప్పింది. ఖర్చు భారం వల్ల అది సాగలేదు. ఇతర దేశాల పద్ధతులు చూసివచ్చిన సైయిదైన్‌గారు, సేవ ఇష్టపూర్వకంగానే ఉండాలన్నారు. చివరకు గాంధీ శతజయంతి సంవత్సరమైన 1969లో, సెప్టెంబరు 24న, 37 విశ్వవిద్యాలయాలలో నలభై వేల మంది విద్యార్థులతో జాతీయ సేవా పథకం మొదలయింది. ఎన్.ఎస్.ఎస్. అని మన పిల్లలు పిలిచేది దీనినే. దాని చిహ్నంలోని చక్రం మా ఒడిశాలోని కోణార్క రథచక్రం.

సంఘాలవారు ఇక్కడ ఒక సంగతి గ్రహించాలి. ఈ పథకం డబ్బు విద్యాసంస్థలకు చేరుతుంది, మనవంటి సంఘాలకు కాదు. అయినా అది మనకు పనికివచ్చే పథకమే. విద్యార్థి రెండేళ్ళలో 240 గంటలు సేవ చేయాలి. ఏడు రోజుల ప్రత్యేక శిబిరం కూడా ఉన్నది. శిబిరానికి వారికి ఒక పల్లెగాని, పేటగాని కావాలి. మేము దగ్గరలోని కాలేజీ ప్రోగ్రామ్ ఆఫీసరుగారికి ఉత్తరం వ్రాసి మా పేటకు పిలిచాము. పిల్లలు వచ్చి మురుగుకాలువ బాగుచేశారు. అంతకంటె ముఖ్యంగా ఇల్లిల్లూ తిరిగి, బడికి పోయే పిల్లలెందరు, మానినవారెందరు, ఒరియా మాట్లాడే ఇళ్ళెన్ని, తెలుగు ఇళ్ళెన్ని అని పట్టిక తయారుచేసి ఇచ్చారు. మాకు పైసా రాలేదు. ఆ పట్టిక మాత్రం మా రెండవ అర్జీకి ప్రాణం పోసింది.

ఇక డబ్బు సంగతి. కేంద్ర ప్రభుత్వ శాఖల గ్రాంటు కోరే సంఘం రిజిస్టరు అయి ఉండాలి, దాని పేర పాన్ కార్డు ఉండాలి, దర్పణ్ అనే ప్రభుత్వ జాబితాలో చేరి నంబరు తెచ్చుకోవాలి. ఇంతవరకు సులువే. అసలు బరువు తరువాత ఉన్నది. 2017 నాటి సాధారణ ఆర్థిక నియమాల ప్రకారం కార్యవర్గ సభ్యులు ఉమ్మడిగానూ విడివిడిగానూ బాధ్యులమని బాండు వ్రాసి ఇవ్వాలి. షరతు తప్పితే నూటికి పది వడ్డీతో డబ్బు తిరిగి కట్టాలి. ఒకే పనికి రెండు శాఖల వద్ద డబ్బు పుచ్చుకోరాదు. ఆర్థిక సంవత్సరం ముగిసిన పన్నెండు నెలలలో, ఇచ్చిన డబ్బు ఇచ్చిన పనికే ఖర్చయిందని వినియోగ పత్రం పంపాలి. సంతకం చేసేముందు కార్యవర్గంలో ప్రతివారూ ఈ షరతులు చదవాలి. ఎవరో వ్రాశారు గదా అని సంతకం పెట్టిన పెద్దమనిషి తన ఇంటిని తాకట్టు పెట్టినంత పని చేస్తున్నాడు.

కంపెనీల దారి వేరు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షను ప్రకారం, చట్టం చెప్పిన మేరకు ఆస్తిగాని, అమ్మకాలుగాని, లాభంగాని ఉన్న పెద్ద కంపెనీలు గత మూడేళ్ళ సగటు లాభంలో నూటికి రెండు వంతులు సమాజసేవకు వినియోగించాలి. ఆ డబ్బుతో పని నడపదలచిన సంఘం 2021 ఏప్రిల్ 1 నుండి సి.ఎస్.ఆర్.-1 అనే ఫారంతో నమోదు కావాలి. అంతకుముందే ఆదాయపు పన్ను శాఖవారి వద్ద ధర్మసంస్థగా రిజిస్టరు అయి ఉండాలి. అటువంటి పనిలో మూడేళ్ళ అనుభవం ఉండాలి. మా మొదటి అర్జీ ఈ గుమ్మం దగ్గరే ఆగింది. వారు మమ్మల్ని అవమానించలేదు, టిక్కెట్టు అడిగారు. అంతే.

మూడవది మన పిల్లల డబ్బు. అమెరికాలో ఉన్న మేనల్లుడు పంపుతానన్నాడని సంబరపడి వెంటనే సంఘం ఖాతా నంబరు ఇవ్వకండి. అతనికి ఇంకా భారత పౌరసత్వమే ఉండి, తన సంపాదన బ్యాంకు ద్వారా పంపితే చిక్కు లేదు. అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే మాత్రం అది విదేశీ విరాళం క్రిందకు వస్తుంది. 2010 నాటి విదేశీ విరాళాల చట్టం ప్రకారం అనుమతి లేకుండా సంఘం పుచ్చుకోరాదు. అల్లుడైనా మేనల్లుడైనా చట్టానికి ఒకటే.

మా కథకు వస్తాను. 2022 జూన్‌లో సంఘం వెనుకగదిలో పదకొండుమంది పిల్లలతో సాయంకాలపు బడి మొదలయింది. మేష్టారు మూడు పుస్తకాలు కొన్నారు. ఒకటి హాజరుపట్టీ, రెండవది జమాఖర్చు, మూడవది వచ్చిన వస్తువుల పద్దు. సుద్దముక్కల పెట్టె కొన్నా రశీదు అతికించేవారు. చదువు చెప్పిన కుర్రవాడు ఏ రోజున ఎన్ని గంటలు చెప్పాడో వ్రాసి సంతకం పెట్టించేవారు. మొదట్లో వాళ్ళకు విసుగు పుట్టింది. “తాతగారూ, మేమేమన్నా జీతగాళ్ళమా?” అని ఒకడు అడిగాడు. “జీతం లేనివాడి గంటే ఖరీదైనది బాబూ, అది పారేయకూడదు” అన్నారాయన. మొదట తెలుగు పిల్లలే వచ్చేవారు. తరువాత ప్రక్కింటి ఒరియా పిల్లలు గుమ్మంలో నిలబడి చూడసాగారు. వాళ్ళనూ కూర్చోబెట్టాము. సంఘం పేరు తెలుగుదైనా వీధి అందరిదీ గదా.

మూడేళ్ళకు పిల్లలు నలభైరెండుమంది అయ్యారు. 2025లో రెండవ అర్జీ వ్రాశాను. అది రెండే పేజీలు. ఏ వీధి, ఎందరు పిల్లలు, ఇప్పుడు ఏమి జరుగుతున్నది, ఏమి కొరత, ఎంత ఖర్చు, సంఘం తనవంతుగా ఏమి ఇస్తున్నది, ఏడాది చివర పని జరిగిందని ఎట్లా చూపుతాము, ఈ ఏడు ప్రశ్నలకు జవాబులు మాత్రమే వ్రాశాను. బల్లలకు వడ్రంగి ఇచ్చిన ధర కాగితం, ఆడిటరు సంతకం చేసిన లెక్కలు జతపరిచాను. మొత్తం 1,80,000 రూపాయలు అడిగాము. మంజూరైనది 75,000.

కొందరు పెదవి విరిచారు. కాని బల్లలు వచ్చినవి, దీపాలు వచ్చినవి, ప్రథమ చికిత్స నేర్పించే ఏర్పాటు జరిగింది. అన్నీ అయిన తరువాత 1,140 రూపాయలు మిగిలినవి. దానితో పిల్లలకు మిఠాయి పంచుదామని కుర్రవాళ్ళన్నారు. అడిగినది బల్లలకు గాని లడ్డూలకు కాదని మేష్టారు ఆ సొమ్మును ఉత్తరంతో సహా కంపెనీవారికి తిప్పి పంపించారు. లడ్డూలు ఆయనే తన పెన్షనులోంచి కొని తెచ్చారు. ఆ ఖర్చు మాత్రం ఏ పుస్తకంలోనూ వ్రాయనివ్వలేదు.

అర్జీ వ్రాసిపెట్టమని ఇప్పుడు ఇతర సంఘాలవారు నన్ను అడుగుతున్నారు. తప్పక వ్రాస్తాను. అయితే ముందు మీ పేటలో ఒక్క గది తెరవండి, ఒక్క పుస్తకం కొనండి, మొదటి రోజు తేదీ వేయండి. గ్రాంటు వస్తే పని పెరుగుతుంది. రాకపోతే ఆ గదిలో దీపం ఆరిపోకూడదు. డబ్బు రాకపోయినా నిలిచే పనికే డబ్బు అడిగే హక్కు ఉన్నదని మా మేష్టారి పుస్తకాలు నాకు నేర్పినవి.