తివాచీలు ఉతికేవారికి ఏ కాలంలో ఏ ప్రమాదం?



మీ ఇంట్లో ఎవరైనా షామియానా సప్లయర్స్ దగ్గర గానీ, కల్యాణ మండపంలో గానీ, లాడ్జిలో గానీ తివాచీలు, జంపఖానాలు శుభ్రం చేసే పని చేస్తున్నారా? అయితే ఈ వ్యాసం మీ కోసమే. పొద్దంతా నీళ్లలో ఉండే మనిషికి చదివే తీరిక ఉండదు. మీరు చదివి వారికి చెప్పండి. ఈ పనిలో వచ్చే జబ్బులు చాలావరకు కాలాన్ని బట్టి వస్తాయి. ముందుగా తెలిస్తే తప్పించుకోవచ్చు.

తివాచీని ఆరబెట్టే గాలే మనిషినీ ఆరబెడుతుంది

తడిసిన తివాచీ ఎలా ఆరుతుంది? అందులోని నీరు ఆవిరై గాలిలో కలిసిపోతుంది. మన ఒంటి మీది చెమట కూడా అలాగే ఆవిరవుతుంది. అలా ఆవిరయ్యేటప్పుడు ఒంట్లోని వేడిని తీసుకుపోతుంది. చెమట పోస్తే ఒళ్లు చల్లబడేది అందువల్లనే.

గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజు తివాచీ ఆరదు, చెమటా ఆరదు. వేడి లోపలే ఉండిపోతుంది. పడమటి వడగాలి కొట్టే రోజు తివాచీ రెండు మూడు గంటల్లో పెళపెళలాడుతుంది. చెమట పట్టినట్టే కనిపించదు గానీ, ఒంట్లోని నీరు తెలియకుండానే తగ్గిపోతుంది. బిట్రగుంట సముద్రానికి దగ్గర కాబట్టి ఇక్కడివారికి రెండు రకాల రోజులూ తప్పవు. తీగ మీద వేసిన తివాచీని చూస్తే ఆ రోజు మనిషికి ఏ ప్రమాదం ఉందో తెలుస్తుంది.

ఎండకాలం: వడదెబ్బ

పెళ్లిళ్లు ఎక్కువగా జరిగేది ఎండకాలంలోనే. రాత్రి వాడిన తివాచీ మర్నాటికి సిద్ధం కావాలంటారు. తడిసిన తివాచీ ఇద్దరు ముగ్గురు పట్టినా లేవనంత బరువవుతుంది. మే నెల ఎండలో, సిమెంటు నేల మీద ఆ బరువు మోసే మనిషి ఒంట్లో వేడి త్వరగా పెరుగుతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు.

• ఉతికే పని ఉదయం 10 గంటల లోపు ముగించాలి. ఆరవేసిన తరువాత ఎండలో కాపలా కూర్చోనక్కర లేదు.
• దాహం వేసేదాకా ఆగకుండా పావుగంటకు, ఇరవై నిమిషాలకు ఒకసారి నీళ్లు తాగాలి. ఉప్పు వేసిన మజ్జిగ, అంబలి మంచివి. మూత్రం ముదురు పసుపు రంగులో వస్తే తాగిన నీరు చాలలేదని అర్థం.
• కొత్తగా పనిలో చేరినవారికి మొదటి వారం రోజులు ప్రమాదం ఎక్కువ. శరీరం ఎండకు అలవాటు పడడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. మొదటి రోజే పూర్తి పని చేయించకూడదు.

తలనొప్పి, వాంతులు, కాళ్ల పిక్కలు పట్టేయడం మొదటి గుర్తులు. మనిషి తడబడుతూ, పొంతన లేకుండా మాట్లాడితే అది వడదెబ్బ. తాగి ఉన్నాడేమో అనుకుని పడుకోబెట్టి వదిలేయకండి. ఆ పొరపాటు ప్రాణం తీస్తుంది. వెంటనే 108కి ఫోన్ చేయండి. బండి వచ్చేలోగా నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లు పోస్తూ గట్టిగా విసరండి. చంకల్లో, గజ్జల్లో ఐసు పెట్టండి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్లు పోయవద్దు. జ్వరం మాత్ర వడదెబ్బకు పనిచేయదు.

వానకాలం: మురికినీరు, కరెంటు

నెల్లూరు జిల్లాలో వానలో ఎక్కువ భాగం అక్టోబరు నుండి డిసెంబరు వరకు, ఈశాన్య ఋతుపవనాల కాలంలో పడుతుంది. తుపానులు వచ్చేదీ అప్పుడే. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన పెను తుపాను పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను జిల్లాను ముంచెత్తింది. ఈ కాలంలో పని తగ్గినా, నీట మునిగిన తివాచీలు శుభ్రం చేయమని పిలుస్తారు. క్రిస్మసు ముందు గుడిలోని జంపఖానాలు ఉతకవలసి వచ్చేదీ ఈ తడి రోజుల్లోనే.

వరద నీటిలో ఎలుకల మూత్రం కలిసి ఉండవచ్చు. కాలి పగుళ్లలో నుండి, చిన్న గాయాలలో నుండి లెప్టోస్పైరా అనే క్రిమి ఒంట్లోకి వెళుతుంది. ఇదే ఎలుకల జ్వరం. సాధారణంగా ఒకటి రెండు వారాల తరువాత జ్వరం, విపరీతమైన కండరాల నొప్పి, ముఖ్యంగా పిక్కల్లో నొప్పి, కళ్లు ఎర్రబడడం కనిపిస్తాయి. ముదిరితే కామెర్లు వచ్చి మూత్రపిండాలు దెబ్బతింటాయి. మొదట్లోనే గుర్తిస్తే యాంటీబయోటిక్ మందులతో నయమవుతుంది.

• మోకాలి వరకు బూట్లు, చేతులకు రబ్బరు తొడుగులు తప్పనిసరి. గాయం ఉంటే నీళ్లు తగలకుండా కట్టు కట్టాలి.
• పని ముగియగానే సబ్బుతో కాళ్లు కడిగి, వేళ్ల సందులు పొడిగా తుడవాలి. ఎప్పుడూ నానే సందుల్లో దురద, పుండ్లు వస్తాయి.
• తడి చేతులతో మోటారు గానీ, నీళ్లు పీల్చే యంత్రం గానీ ముట్టుకోరాదు. ఎవరికైనా షాక్ కొడితే ముందు మెయిన్ ఆపండి, తరువాతే మనిషిని తాకండి.
• మురుగునీటిలో రెండు రోజులకు పైగా నానిన తివాచీని ఉతికినా ప్రయోజనం లేదు. పారవేయడమే మంచిది.

చలికాలం: దుమ్ము, ఉబ్బసం

జనవరి, ఫిబ్రవరిలో రాత్రి మంచు కురుస్తుంది. సాయంత్రం తీగ మీద వదిలేసిన తివాచీ తెల్లవారేసరికి మళ్లీ చెమ్మగిల్లుతుంది. ఉన్ని తివాచీకి ఈ గుణం ఎక్కువ. పైన పొడిగా ఉన్నట్టు తోచినా లోపల తేమను పట్టి ఉంచుతుంది. తడి ఒకటి రెండు రోజులు నిలిచిందంటే బూజు మొదలవుతుంది. తేమ ఉన్నచోట కంటికి కనపడని దుమ్ము పురుగులూ పెరుగుతాయి. ఈ రెండూ ఉబ్బసాన్ని రేపుతాయి.

తివాచీని కర్రతో దులిపేటప్పుడు ముక్కుకు మాస్కు కట్టుకుని, గాలి వచ్చే వైపు నిలబడాలి. అప్పుడు దుమ్ము ముఖం మీదికి రాదు. పని దినాల్లో దగ్గు, పిల్లికూతలు వచ్చి, సెలవు రోజున తగ్గుతుంటే ఆ జబ్బు పని వల్ల వస్తున్నదేమో డాక్టరుకు చూపించండి. ఆయాసం ఉన్న రోగిని ఆస్పత్రి నుండి ఇంటికి తీసుకువెళుతున్నారా? ముక్కిన వాసన వచ్చే తివాచీని ఆ గదిలో పరవకండి.

అన్ని కాలాలకూ ఒక హెచ్చరిక

మరక పోవడం లేదని బ్లీచింగ్ పౌడరులో బాత్రూం యాసిడ్ ఎప్పుడూ కలపవద్దు. క్లోరిన్ అనే విషవాయువు పుడుతుంది. వానకు తలుపులన్నీ మూసిన గదిలో ఇది మరీ ప్రమాదం. పొరపాటున పీలిస్తే వెంటనే ఆరుబయటికి రావాలి. ఊపిరితిత్తుల్లో దెబ్బ కొన్ని గంటల తరువాత బయటపడవచ్చు కనుక, దగ్గు తగ్గకపోతే ఆస్పత్రికి తీసుకురండి.

డాక్టరుకు ఈ మాట చెప్పండి

జ్వరంతో వచ్చిన మనిషిని చూసి, ఆయన వారం క్రితం వరద నీటిలో తివాచీలు ఉతికాడని ఎవరూ కనిపెట్టలేరు. డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి: ఏం పని చేస్తారు, ఎలాంటి నీటిలో నిలబడ్డారు, ఏ మందు వాడారు, ఎప్పుడు మొదలైంది. మందుల షాపులో ఒళ్లు నొప్పుల మాత్రలు కొని మింగిస్తూ రోజులు గడపవద్దు. ఎలుకల జ్వరంలో కొన్ని నొప్పి మాత్రలు మూత్రపిండాలకు మరింత హాని చేస్తాయి.

ఒక రోజు పని ఆపితే ఆ రోజు కూలి పోతుంది. ఆ బాధ మాకు తెలియనిది కాదు. అయితే వడదెబ్బకో, ఎలుకల జ్వరానికో మంచం పడితే పోయేది నెలల కూలి. తివాచీ రేపైనా ఆరుతుంది. ఈ మాట పని చేయించే యజమానికి కూడా చదివి వినిపించండి.