కోబర్గు రాకుమారుని వివాహము

పందొమ్మిదవ శతాబ్దారంభమున జర్మనీ ఒక్క రాజ్యము కాదు. పెక్కు సంస్థానముల సముదాయము. వానిలో సాక్స్-కోబర్గు-సాల్ఫెల్డు మిక్కిలి చిన్నది. దాని నేలు డ్యూకుల కుటుంబమునకు వంశగౌరవము మెండు, ధనము కొఱత. ఆ యింట 1790 డిసెంబరు 16వ తేదీన కడపటి కుమారుడుగా లియోపోల్డు జన్మించెను. రాజ్యము పెద్దన్నది. కడగొట్టువానికి కత్తియు, కులమును తప్ప వేఱొక ఆస్తి లేదు.

అతని అక్క జూలియానాను 1796లో రష్యా సామ్రాజ్ఞి కాథరీను మనుమడగు కాన్‌స్టంటైనున కిచ్చిరి. అప్పటి కామెకు పదునాలుగేండ్లు. భర్త క్రూరుడు. 1801లో ఆమె రష్యాను విడిచి వచ్చినది, మరల కాపురమునకు పోలేదు. ఆమె కన్నీటి ఫలము పుట్టినింటికి దక్కెను. ఆ బాంధవ్యముచే లియోపోల్డునకు రష్యా సేనలో పదవి లభించెను. అతడు నెపోలియనుతో జరిగిన యుద్ధములలో శౌర్యము చూపి, 1814లో విజేతలగు రాజులు లండనునకు వచ్చినపుడు తానును వచ్చెను. వారు భవనములలో విడిసిరి; ఇతడు మాత్రమొక కిరాణా దుకాణముపై గదులలో బస చేసెనందురు.

ఇంగ్లండు యువరాజు జార్జి ఏకైక పుత్రిక షార్లెట్. తండ్రి తరువాత సింహాసన మామెదే. ఆమె హాలెండు రాకుమారునితో కుదిరిన సంబంధమును, స్వదేశము వీడవలసివచ్చునని, తానే కాదనెను. ఏలుటకు రాజ్యము లేని లియోపోల్డునకు ఆ లేమియే అర్హత యయ్యెను! 1816 మే 2వ తేదీన వివాహము జరిగెను. భార్య ముందు మరణించినచో అతనికి ఏటేట 50,000 పౌనులు చెల్లునట్లు పార్లమెంటు నిర్ణయించెను.

లాభము నెంచి కుదిరినను, ఆ దాంపత్యము ప్రేమమయమైనది. షార్లెట్ తొందరపాటు కలది. ఆమె ఆవేశపడినపుడెల్ల అతడు ఫ్రెంచిలో “మెల్లగా” అనుచుండెడివాడు. ఆమె దానినే అతనికి ముద్దుపేరుగా పెట్టెనట. క్లేర్‌మాంట్ భవనమున వారి కాపురము ఏడాదిన్నరయే సాగెను. 1817 నవంబరు 5వ తేదీన, దీర్ఘమైన ప్రసవవేదన తరువాత, మృతశిశువు కలిగెను. మఱునాటి తెల్లవాఱకముందే షార్లెట్ కన్నుమూసెను. ఆమె వయస్సు ఇరువదియొక్క యేండ్లు.

వారసత్వము సందిగ్ధమగుటచే షార్లెట్ పినతండ్రులు వివాహములకు త్వరపడిరి. వారిలో కెంటు ప్రభువు 1818లో, వితంతువైయున్న లియోపోల్డు అక్క విక్టోరియానే పెండ్లాడెను. వారికి 1819 మే 24వ తేదీన కుమార్తె కలిగెను. 1858లో మన దేశపాలనము కంపెనీనుండి ఎవరి పేరిటికి మాఱెనో ఆ విక్టోరియా రాణి యీమెయే. తండ్రి మరుసటియేట మరణింపగా, మేనమామ తన భరణములో కొంత యిచ్చి వారిని పోషించెను. లియోపోల్డు పెద్దన్న కుమారుడగు ఆల్బర్టు 1840లో ఆమెను పరిణయమాడెను. మఱొక అన్న కుమారుడు ఫెర్డినాండు అంతకు ముందే 1836లో పోర్చుగల్ రాణికి భర్త యయ్యెను.

లియోపోల్డు 1831లో బెల్జియము రాజై, మరుసటియేడు ఫ్రాన్సు రాజు లూయీ ఫిలిప్ కుమార్తెను వివాహమాడెను. ఆమెవలన కలిగిన కూతునకు షార్లెట్ అని పేరిడిరి. 1848లో ఫ్రాన్సు ప్రజలు తిరుగబడగా, లూయీ ఫిలిప్ సింహాసనము విడిచి ఇంగ్లండునకు పాఱిపోయెను. ఆ వృద్ధునకు తలదాచుకొన చోటు దొరకినది అల్లుడు మొదటి భార్యతో కాపురమున్న క్లేర్‌మాంట్ భవనముననే. 1850లో అతడక్కడనే మరణించెను.