కీళ్లవాతపు మందు: వారానికి ఒక్కనాడే

రుమటాయిడ్ కీళ్లవాతానికి వైద్యులు సాధారణంగా మొదట వ్రాసే మందు మెథోట్రెక్సేట్. ఇది నొప్పిమాత్ర కాదు; మ్రింగిన పూటనే గుణమీయదు. 6 మొదలు 12 వారాలు ఓపిక పట్టవలెను.

ఈ మందు వారానికి ఒక్కనాడే వేసుకోవలెను. పొరపాటున రోజూ మ్రింగితే ప్రాణాపాయం. కనుక ఆదివారమో, గురువారమో నిర్ణయించి, ఆ మాట మందుపెట్టెపై ఇంటి పెద్దలు చదువగల లిపిలో పెద్దక్షరాలతో వ్రాయండి.

వికారము, నోటిపూత తగ్గటానికి ఫోలిక్ ఆసిడ్ మాత్ర వేరొకనాడు ఇస్తారు. కాలేయానికి, రక్తకణాలకు కీడు కలుగుతున్నదేమో తెలియాలంటే నెత్తురు పరీక్షలు తప్పవు. మద్యము కూడదు. గర్భిణులకు ఈ మందు నిషిద్ధం; బిడ్డను కోరే దంపతులు ముందే వైద్యునితో చెప్పవలెను. జ్వరము, పొడిదగ్గు, ఆయాసము కనిపిస్తే జాగు చేయరాదు.

నొప్పి తగ్గినదని మందు మీరే మానకండి. వ్యాధి మరల రేగి కీళ్లను తినివేయవచ్చును. ఒకసారి వంకరపోయిన వ్రేళ్లను ఏ మాత్రా తిరిగి చక్కచేయలేదు.