వంటింటికీ ఒక ఆదివారం

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. ఆ రోజు ఎద్దు మెడ మీద కాడి పెట్టరు, బండి కట్టరు, బయల్దేరబోయే చుట్టాలను ‘రేపు వెళ్దురుగాని’ అని ఆపేస్తారు. ఏడాదంతా చాకిరీ చేసిన గొడ్డుకు స్నానం, కొమ్ములకు రంగు, మెడలో పూలదండ, కడుపునిండా మేత. పనిచేసే ప్రాణికి విశ్రాంతి ఇవ్వడాన్నే పండగ చేసుకున్న వాళ్లం మనం. కనుమకే ఇంకో మాట కూడా ఉంది, ఆ రోజు మినుము తినాలని. ఆ మినప్పప్పు ముందు రాత్రి నానబోసేదెవరు, పొట్టు కడిగేదెవరు, రుబ్బేదెవరు, కాగే నూనె ముందు నిలబడి వాయి వెనక వాయి గారెలు తీసేదెవరు? సామెతల్లో ఆ మనిషి ఊసు లేదు.

విశ్రాంతి గురించి ఇప్పుడు చాలా వింటున్నాం. పరుగు ఆపమని, నెమ్మదిగా బతకమని, మనసుకు నచ్చినదాన్ని ఎంచుకుని బతకమని చెప్పే పుస్తకాలున్నాయి, శిబిరాలున్నాయి, ఫోన్‌లో యాప్‌లున్నాయి. చెప్పే మాటలు మంచివే. అయితే ఇంట్లో ఒకరి విశ్రాంతి మరొకరి చాకిరీ మీద ఆధారపడి ఉన్నంతకాలం ఆ మాటలు సగం మందికే పనికొస్తాయి. పైగా విశ్రాంతిని ఒకసారి సంపాదించుకుంటే సరిపోదు. పెళ్లి, పురుడు, నడివయసు, పదవీ విరమణ... బతుకు మలుపు తిరిగిన ప్రతిసారీ దాన్ని మళ్లీ కొత్తగా ఏర్పాటు చేసుకోవాలి. ఆ ఏర్పాటు చేసుకున్న ఇళ్లలో మనుషులు ఎదగడం చూశాను. చేసుకోని ఇళ్లలో చిన్నవయసులోనే వాడిపోవడమూ చూశాను.

ఆదివారం ఊరికే రాలేదు

మీరు ఈ పత్రిక తిరగేస్తున్న ఆదివారం సెలవు కూడా ఎవరో అడిగితే వచ్చిందే. బొంబాయి బట్టల మిల్లుల్లో అప్పట్లో పొద్దు పొడిచినప్పటి నుంచి పొద్దు గూకేదాకా పని. ఆదివారం మిల్లు ఆగినా, యంత్రాలు తుడవడానికి కూలీలు రావాల్సిందే. ఆ మిల్లుల్లోనే స్టోర్‌కీపర్‌గా పనిచేసిన నారాయణ్ మేఘాజీ లోఖండే జోతిరావు ఫూలే అనుచరుడు. ‘దీనబంధు’ పత్రిక నడిపాడు. 1884లో మిల్లు కూలీల సంఘం పెట్టి, వేలమంది సంతకాలతో ప్రభుత్వ కమిషన్‌కు అర్జీ ఇచ్చాడు. వారానికి ఒక రోజు సెలవు, మధ్యాహ్నం అరగంట తీరిక, నెల జీతం 15వ తేదీలోపు చేతికి రావడం... అడిగినవాటిలో ముఖ్యమైనవి ఇవి. ఆదివారం ఖండోబా రోజు అన్నది కూడా ఆయన వాదనలో భాగం. ఖండోబా అంటే మనకు పరాయి దేవుడేం కాదు, మన మల్లన్నే. కొమురవెల్లి జాతర ఇప్పటికీ సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఆదివారాలే జరుగుతుంది.

ఆ పోరాటంలో మనవాళ్ల నీడ కూడా ఉంది. ముంబయి కామాఠీపురకు ఆ పేరు నైజాం ఇలాకా నుంచి వలస వెళ్లిన తెలుగు కూలీల వల్లే వచ్చింది. వాళ్లలో కాంట్రాక్టర్లుగా ఎదిగినవారు కొందరు ఫూలే పెట్టిన సంస్కరణ సంఘం సత్యశోధక్ సమాజానికి అండగా నిలిచారు.

1890 ఏప్రిల్ 24న రేస్‌కోర్సు మైదానంలో సుమారు పది వేలమంది కూలీలు సభ పెట్టారు. ఇద్దరు మహిళా కార్మికులు లేచి మాట్లాడారు. ఆ రోజుల్లో అది మామూలు సాహసం కాదు. జూన్ 10న మిల్లు యజమానులు ఆదివారం సెలవుకు ఒప్పుకున్నారు. ఆరు రోజులు కుటుంబం కోసం కష్టపడిన మనిషికి ఏడో రోజు తన కోసం, సమాజం కోసం ఉండాలన్నది లోఖండే ఉద్దేశం. ఆ రోజు ఒళ్లు వాల్చడానికి మాత్రమే కాదని, చదువుకోవడానికి, నలుగురితో కూర్చుని ఆలోచించడానికి అని ఆయన నమ్మాడు. 1897లో బొంబాయిని ప్లేగు కమ్మేసినప్పుడు రోగులకు సేవ చేస్తూ అదే జబ్బుతో పోయాడు.

ఆ సభలో మాట్లాడిన ఇద్దరు ఆడవాళ్ల గురించి తరచూ ఆలోచిస్తుంటాను. మిల్లులో వాళ్లకు ఆదివారం దొరికింది. ఇంట్లో పొయ్యి దగ్గర ఆదివారం అడగడానికి ఏ సంఘమూ పుట్టలేదు.

వారంలో పొడవైన రోజు

కేంద్ర గణాంక శాఖ 2019లో, మళ్లీ 2024లో దేశమంతా సర్వే చేసింది, రోజులో ఎవరి సమయం దేనికి పోతోందో లెక్క తీయడానికి. జీతం లేని ఇంటిపని చేసేవారిలో 2019లో ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చించారు. అయిదేళ్ల తర్వాత ఆడవాళ్లది 289కి వచ్చింది. మగవాళ్లదీ 97 నుంచి 88కి తగ్గింది. గ్రైండర్లు, వాషింగ్ మెషీన్లు, గ్యాస్ స్టౌలు వచ్చి పని కాస్త తేలికయిందేమో గానీ, పంచుకోవడం మాత్రం పెరగలేదు.

ఆదివారం మామూలు మధ్యతరగతి ఇంటికి వెళ్లి చూడండి. పొద్దున అందరూ ఆలస్యంగా లేస్తారు కాబట్టి టిఫిన్ మూడు విడతల్లో. సెలవు కదా అని ఇడ్లీ బదులు పూరీ. మధ్యాహ్నం చికెనో మటనో, దానికి తోడు బగారా అన్నం, పెరుగు చట్నీ. భోజనాలయ్యేసరికి మూడు. జిడ్డు గిన్నెలు తోమి, గట్టు తుడిచేలోపు వాషింగ్ మెషీన్ ఆగిపోయిన చప్పుడు, పిల్లల యూనిఫాంలు ఆరేయాలి. సాయంత్రం పిండి రుబ్బకపోతే సోమవారం టిఫిన్ ఉండదు. మధ్యలో కాసేపు టీవీ ముందు కూర్చుందనుకుంటాం. ఆమె ఒళ్లో పళ్లెం, చేతిలో చిక్కుడుకాయలు. కళ్లు సీరియల్ మీద ఉంటే వేళ్లు ఈనెలు తీస్తుంటాయి. ఇంట్లో వాళ్లు దాన్నే విశ్రాంతి అంటారు. ఆమె కూడా అలాగే అనుకుంటుంది, అదే నాకు ఎక్కువ బాధ.

ఉద్యోగాల్లో పని గంటల గురించైతే ప్రపంచం కాస్త మేలుకుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో చెప్పిన లెక్క ప్రకారం, వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే 55 గంటలు దాటినవారికి పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో మరణించే ముప్పు 17 శాతం ఎక్కువ. అదీ జీతం వచ్చే పనిని లెక్కేస్తేనే. ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విడిచీ విడవకముందే కుక్కర్ పెట్టే మనిషి గంటలు దీనికి కలిపితే ఎంతవుతాయో ఊహించుకోండి.

మలుపుల దగ్గర మన పెద్దలు ఏం చేశారు

ఒక విషయంలో మాత్రం పాతవాళ్లకు దణ్ణం పెట్టాలి. బతుకులో పెద్ద మార్పు వచ్చినప్పుడు మనిషికి ఊపిరి తీసుకునే వ్యవధి కావాలని వాళ్లకు తెలుసు. పెళ్లయిన తొలి ఆషాఢంలో కొత్తకోడల్ని పుట్టింటికి పంపేవారు. కారణాలు ఎవరు ఏం చెప్పినా, కొత్త ఇల్లు, కొత్త మనుషులు, కొత్త పేరు మధ్య ఉక్కిరిబిక్కిరైన పిల్లకు అమ్మ పక్కన నెల రోజుల నిద్ర దొరికేది. తొలి పురుడు పుట్టింట్లోనే. బాలింతరాలిని నులక మంచం మీద పడుకోబెట్టి, చెవుల్లో దూది పెట్టి, సాంబ్రాణి పొగ వేసి, పథ్యం పెట్టి, కాయం తినిపించి, చన్నీళ్లు ముట్టనివ్వకుండా నెలల తరబడి కాపాడుకునేవారు. ఆ పథ్యాల్లో కొన్ని ఇవాళ డాక్టర్లు ఒప్పుకోరు. బిడ్డతో పాటు తల్లి కూడా అప్పుడే కొత్తగా పుట్టిందని గుర్తించిన ఆ చూపు మాత్రం గొప్పది. దాన్ని చట్టం 2017లో 26 వారాల జీతంతో కూడిన ప్రసూతి సెలవుగా మార్చింది. పొలం కూలికి పోయే తల్లి దాకా ఆ చట్టం రాలేదు.

ముట్టు పేరుతో మూడు రోజులు దూరంగా కూర్చోబెట్టడాన్ని కూడా కొందరు విశ్రాంతి ఖాతాలో రాస్తుంటారు. నేను ఒప్పుకోను. అంటరానిదని గడప అవతల కూర్చోబెట్టడం వేరు, అలసిందని పడుకోమనడం వేరు.

అసలు లోటు ఆ తర్వాత మొదలవుతుంది. పురుడు దాటాక ఆడమనిషి బతుకులో వచ్చే మార్పులకు ఆషాఢమూ లేదు, పుట్టిల్లూ లేదు. మన దేశంలో చాలామందికి 46, 47 ఏళ్లకే నెలసరి ఆగిపోతుంది. ఒంట్లో ఆవిర్లు, పట్టని నిద్ర, ఊరికే వచ్చే ఏడుపు. సరిగ్గా అప్పుడే పిల్లలు చదువులకని, ఉద్యోగాలకని ఇల్లు వదిలిపోతారు. అత్తమామలు మంచాన పడేదీ అప్పుడే. ఇక పేదింటి ఆడవాళ్ల సంగతి మరీ ఘోరం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం. దేశంలోకెల్లా ముందున్నది మనమే. అంత పెద్ద ఆపరేషన్ అయ్యాక కూడా ఇల్లు గడవదని కుట్లు పచ్చిగా ఉండగానే మళ్లీ కలుపుకు, నాట్లకు వంగినవాళ్లు మన ఊళ్లలో ఉన్నారు. ఒంటికి అంత మార్పు జరిగితే, ఆమెకు ఎవరూ నులక మంచం వేయలేదు.

పదవీ విరమణా అంతే. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వోద్యోగికి 62 ఏళ్లు, తెలంగాణలో 61. శాలువా కప్పి, ‘ఇక హాయిగా విశ్రాంతి తీసుకోండి సార్’ అని సాగనంపుతారు. సార్ ఇంటికొస్తారు. అప్పటిదాకా పదింటి నుంచి అయిదింటి వరకు కాస్త నెమ్మదిగా ఉన్న ఇంట్లో పదకొండింటికి ఇంకో కాఫీ, ఒంటిగంటకు వేడివేడి భోజనం, నాలుగింటికి ఏదైనా పలహారం. ఆయన రిటైరైన నాడే ఆమెకు కొత్త డ్యూటీ మొదలవుతుంది.

ఖాళీగా ఉన్నప్పుడు లోపల జరిగేది

విశ్రాంతి అంటే ఏమీ జరగని సమయం అనుకోవడం వల్లే దాన్ని ఇవ్వడానికి మనకు చేతులు రావు. మెదడు బరువు ఒంటి బరువులో 2 శాతమే అయినా, శరీరం ఖర్చు చేసే శక్తిలో దాదాపు 20 శాతం దానికే కావాలి. కళ్లు మూసుకుని ఊరికే పడుకున్నా ఆ ఖర్చు పెద్దగా తగ్గదు. అమెరికా నాడీ శాస్త్రవేత్త మార్కస్ రైకిల్ బృందం 2001లో దీని మీద ముఖ్యమైన పరిశోధన వెలువరించింది. బయటి పని ఆగినప్పుడు మెదడులో కొన్ని భాగాలు కలిసికట్టుగా పనిలోకి దిగుతాయి. జరిగినవి నెమరేసుకోవడం, రేపటిని ఊహించుకోవడం, ఎదుటివాళ్ల మనసులో ఏముందో తలపోయడం అప్పుడే ఎక్కువ. అంటే మనిషి తన బతుకును తాను చూసుకునేది చేతులు ఖాళీగా ఉన్నప్పుడే. పాలు పొంగుతాయేమో, పప్పు అడుగంటుతుందేమో, రేపటికి కూర ఏమిటో అని పొద్దస్తమానం ధ్యాస చెదిరిపోయే మనిషికి ఆ తీరికే లేకపోతే, తనకేం కావాలో తెలిసేదెప్పుడు?

తమ చేతులు ఒక్క రోజు ఆగితే ఏమవుతుందో ఒక దేశం ఆడవాళ్లు అందరికీ కనపడేలా చేసి చూపించారు. 1975 అక్టోబరు 24న ఐస్‌లాండ్‌లో సుమారు 90 శాతం మహిళలు ఆఫీసు పనికీ, ఇంటి పనికీ ఒక్క రోజు సెలవు పెట్టారు, వారిలో వేలమంది వీధుల్లోకి వచ్చారు. తండ్రులు పిల్లల్ని వెంటబెట్టుకుని ఆఫీసులకు వెళ్లాల్సి వచ్చింది. మరుసటి ఏడాదే సమాన హక్కుల చట్టం వచ్చింది. 1980లో ఆ దేశ ప్రజలు విగ్దిస్ ఫిన్‌బొగాదొత్తిర్‌ను అధ్యక్షురాలిగా ఎన్నుకున్నారు.

రాజుకున్న పొయ్యి ఎవరిది

మన ఇళ్లకు సమ్మెలు అక్కర్లేదు, ఒప్పందం చాలు. మా బంధువుల్లో పదవీ విరమణ చేసిన ఒక మాస్టారి ఇంట్లో జరిగింది చెబుతాను. సెలవులకు వచ్చిన కూతురు పట్టుబట్టి పెట్టించిన పద్ధతి అది. ఆదివారం మధ్యాహ్నం భోజనాల తర్వాత అమ్మ వంటింట్లోకి అడుగు పెట్టకూడదు. రాత్రి వంట, గిన్నెలు, మర్నాటి పిండి నాన్నవి. బయట ఆర్డర్ పెట్టడం కుదరదు, అప్పుడు ఇంకెవరి ఆదివారమో పోతుంది.

మొదట్లో చూడాలి. ఆవిడ వరండాలో కూర్చుంది, లోపలి నుంచి ‘ఏమోయ్, ఆవాల డబ్బా ఎక్కడ?’ అని కేక. లేవబోయింది.

‘నువ్వు కూర్చో అమ్మా. నాన్నా, వెతుక్కోండి’ అంది కూతురు.

డబ్బాలన్నీ మూతలు తీసి చూసుకుని ఆయన చారు పెట్టారు. ఉప్పెక్కువైంది. ఆవిడ మారు మాట్లాడకుండా తిన్నది. ‘ఊరికే కూర్చుంటే ఏదో తప్పు చేస్తున్నట్టుందే’ అని కూతురి దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుంది. ఏళ్ల తరబడి పనితోనే తన విలువ ముడిపెట్టుకున్న మనిషికి తీరిక కూడా భయమే. ఆ భయం పోవడానికి నెలలు పట్టింది. మొదట్లో పడుకుని నిద్రపోయేది. తర్వాత్తర్వాత పక్కవీధి గుడి దాకా నడిచి వెళ్లడం మొదలుపెట్టింది. అక్కడ ఆడవాళ్లు కోలాటం నేర్చుకుంటుంటే అరుగు మీద కూర్చుని చూసింది. చిన్నప్పుడు ఊళ్లో వేసేదాన్నని ఎవరితోనో అన్నదట, వాళ్లు కర్రలు చేతిలో పెట్టారు.

ఇప్పుడు ఆ బృందంలో కొత్తవాళ్లకు అడుగులు నేర్పేది ఆవిడే. మొన్న అందరూ కలిసి తిరుమలలో కోలాటం వేయడానికి వెళ్లారు. ఆ మూడు రోజులూ మాస్టారు ఒక్కరే వండుకుని తిన్నారు, పక్కింటివాళ్లకు కూడా చారు పంపారు. బృందంలో మిగతావాళ్లు ఆవిణ్ణి అడిగే ప్రశ్న ఒకటే, ‘మీ ఆయన్ని ఎలా ఒప్పించారండీ?’ ఆవిడ ఒక్కొక్కరికీ ఓపిగ్గా చెబుతోంది. ముందు ఒక పూట ఖాయం చేసుకోమంటోంది. చారులో ఉప్పెక్కువైనా లేచి వెళ్లొద్దంటోంది.