పాత వీసీఆర్, కొత్త టీవీ: అడాప్టర్ గురించి అపోహలు – వాస్తవాలు

పాత వీసీఆర్, డీవీడీ ప్లేయర్, హ్యాండీక్యామ్ లాంటివాటిని కొత్త టీవీకి కలిపే అడాప్టర్ కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. ఒకటి కొని, బొమ్మ రాక, మూలన పడేసి మరొకటి కొనే ఇళ్లు మాత్రం చాలా ఉన్నాయి. పిన్ను ఆకారం చూసి కొనడం, ఆ పిన్నులోంచి ఏ సిగ్నల్ వస్తోందో చూడకపోవడం ఇందుకు అసలు కారణం. పుదుచ్చేరిలో దీనికి మరో చిక్కు తోడవుతుంది. 1954 నవంబరు 1న ఈ ఊరి పాలన ఫ్రాన్స్ నుంచి భారత్ చేతికి వచ్చింది. 1962 ఆగస్టు 16న ఆ మార్పు చట్టబద్ధమైంది. అప్పుడు ఫ్రెంచి పౌరసత్వం ఎంచుకున్న కుటుంబాలు, ఫ్రెంచి సైన్యంలో పనిచేసి పింఛనుతో తిరిగొచ్చినవారు, అన్నదమ్ములో పిల్లలో ఫ్రాన్స్‌లో స్థిరపడినవారు ఈ ఊళ్లో ఉన్నారు. కాబట్టి ఇక్కడి బీరువాల్లో మన దేశపు క్యాసెట్ల పక్కన ఫ్రెంచి క్యాసెట్లు, కొన్నిచోట్ల ఫ్రెంచి వీసీఆర్‌లు కూడా కనిపిస్తాయి. మిగతా ఊళ్లకు సరిపోయే సలహా ఇక్కడ సగమే పనికొస్తుంది.

అపోహ: పిన్ను పట్టిందంటే బొమ్మ వచ్చినట్టే.

పసుపు, తెలుపు, ఎరుపు పిన్నుల్లో పసుపుది వీడియో, మిగతా రెండూ శబ్దం. పసుపు వైరులో వచ్చేది అనలాగ్ సిగ్నల్, అంటే ఎడతెగకుండా హెచ్చుతగ్గులయ్యే విద్యుత్తు. కొత్త టీవీల్లో ఉండే, 2002 డిసెంబరులో తొలి ప్రమాణాలు వెలువడిన హెచ్‌డీఎంఐలో నడిచేది అంకెల రూపంలోని సిగ్నల్. ఒకదాన్ని రెండోదిగా మార్చడానికి మధ్యలో చిప్ ఉండి తీరాలి. ఒక కొసన హెచ్‌డీఎంఐ, మరో కొసన మూడు రంగుల పిన్నులు ఉండి, మధ్యలో పెట్టె గానీ కరెంటు గానీ లేని వైర్లు మార్కెట్లో బోలెడు. వాటిలో ఉన్నది ఉత్త తీగే. వీసీఆర్‌కి పెట్టినా డీవీడీకి పెట్టినా వాటితో బొమ్మ రాదు.

పనిచేసేది అరచేతిలో పట్టే చిన్న పెట్టె. ఒక పక్క మూడు రంగుల రంధ్రాలు, మరో పక్క హెచ్‌డీఎంఐ, 5 వోల్టుల కరెంటుకి ఓ చిన్న యూఎస్‌బీ రంధ్రం ఉంటాయి. దాదాపు ఇదే రూపంలో రెండు రకాలు అమ్ముతారు. పాత వీసీఆర్‌ని కొత్త టీవీకి కలపాలంటే పెట్టె మీద ‘ఏవీ టు హెచ్‌డీఎంఐ’ అని ఉండాలి. ‘హెచ్‌డీఎంఐ టు ఏవీ’ అని ఉంటే అది కొత్త సెట్‌టాప్ బాక్సును పాత టీవీకి కలిపేది. ఒకదాని బదులు ఇంకొకటి పనిచేయదు, తిప్పి పెట్టినా పనిచేయదు. ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. కరెంటు వైరు వదిలేయడం మరో పొరపాటు. హెచ్‌డీఎంఐ వైరులో ఉండే 5 వోల్టులు సిగ్నల్ పంపే వైపు నుంచి రావాలే తప్ప టీవీ నుంచి రావు. అందుకని పెట్టెకి ఫోన్ చార్జరో టీవీ యూఎస్‌బీయో తగిలించాల్సిందే.

అపోహ: కొత్త టీవీ కొంటే అడాప్టర్ కూడా కొనక తప్పదు.

చాలా కొత్త టీవీల వెనక హెడ్‌ఫోన్ రంధ్రంలా కనిపించే ‘ఏవీ ఇన్’ ఉంటుంది. మూడు పిన్నుల పనీ అదొక్కటే చేస్తుంది. టీవీ డబ్బాలో దానికి పొట్టి వైరు ఇచ్చి ఉంటే కొనాల్సిన పనే లేదు. బయట కొన్న వైరులో లోపలి తీగల వరస వేరుగా ఉండి, బొమ్మ రావాల్సిన చోట ఖాళీ తెర, స్పీకర్లో గుర్రుమనే చప్పుడు రావచ్చు. అప్పుడు పసుపు పిన్నును మిగతా రెండు రంగుల రంధ్రాల్లో మార్చి చూడాలి. చాలాసార్లు అక్కడితో సరిపోతుంది.

అపోహ: ఫ్రెంచి క్యాసెట్ రంగుల్లో రావాలంటే మంచి అడాప్టర్ చాలు.

పుదుచ్చేరి ఇళ్లలో అసలు చిక్కు ఇది. మన దేశంలో కలర్ ప్రసారాలు 1982లో పాల్ పద్ధతిలో మొదలయ్యాయి. ఫ్రాన్స్‌లో అంతకుముందే, 1967 అక్టోబరు 1న, ఆన్రీ ద ఫ్రాన్స్ రూపొందించిన సెకామ్ పద్ధతిలో మొదలయ్యాయి. రెండింటిలోనూ తెరకి 625 గీతలు, సెకనుకి 50 అరబొమ్మలు. తేడా రంగును మోసుకొచ్చే తీరులో ఉంది. పాల్ రెండు రంగు సంకేతాలనూ ప్రతి గీతలో కలిపి పంపుతుంది. సెకామ్ ఒక గీతలో ఒకటి, తర్వాతి గీతలో రెండోది పంపుతుంది. అందువల్ల ఫ్రాన్స్‌లో సెకామ్‌లో రికార్డయిన పెళ్లి క్యాసెట్‌ను మన పాల్ వీసీఆర్‌లో పెడితే బొమ్మ నిలకడగానే వస్తుంది గానీ నలుపు తెలుపుల్లో వస్తుంది. రంగు పోయేది వీసీఆర్‌లోనే. తర్వాత ఎంత ఖరీదైన పెట్టె పెట్టినా తిరిగి రాదు. క్యాసెట్ చెడిపోయిందనుకుని పారేయడం మాత్రం ఘోరం, ఎందుకంటే రంగు టేపులో భద్రంగానే ఉంటుంది. సెకామ్ చదివే వీసీఆర్‌లో పెడితే కనబడుతుంది. ఆ వీసీఆర్ నుంచి వచ్చే సిగ్నల్ కూడా సెకామే కాబట్టి, అడాప్టర్ వివరాల్లో పాల్, అమెరికా పద్ధతి ఎన్‌టీఎస్‌సీలతో పాటు సెకామ్ పేరు ఉందో లేదో చూసి కొనాలి.

అమెరికా నుంచి వచ్చిన క్యాసెట్ల తీరు వేరు. అక్కడి ఎన్‌టీఎస్‌సీలో గీతలే 525, అరబొమ్మలు సెకనుకి దాదాపు 60. పాత పాల్ టీవీలో రంగు పోవడమే కాదు, బొమ్మే దొర్లిపోవచ్చు.

ఫ్రెంచి వీసీఆర్ వెనక మూడు రంగుల రంధ్రాలు లేకపోవచ్చు. ఓ మూల ఏటవాలుగా కోసినట్టుండే వెడల్పాటి 21 పిన్నుల సాకెట్ ఉంటుంది. అదే స్కార్ట్. 1980 నుంచి ఫ్రాన్స్‌లో అమ్మే టీవీలకు దాన్ని తప్పనిసరి చేశారు. దీన్ని మూడు పిన్నులకు మార్చడానికి చిప్ అక్కర్లేదు. మామూలు వీడియో సిగ్నల్ స్కార్ట్‌లోనే ఉంటుంది, 19వ పిన్నులోంచి బయటికి వస్తుంది, 20వ పిన్నులోంచి లోపలికి వెళ్తుంది. కాబట్టి స్కార్ట్‌ను మూడు పిన్నులుగా విడదీసే చవక దిమ్మ చాలు. దాని మీద ఇన్, అవుట్ అని చిన్న మీట ఉంటే అవుట్ వైపు ఉంచాలి.

అపోహ: ఫ్రాన్స్ నుంచి తెచ్చినదానికి ట్రాన్స్‌ఫార్మర్ కావాలి.

అక్కర్లేదు. అక్కడా ఇక్కడా 230 వోల్టులు, 50 హెర్ట్జే. ప్లగ్గు పిన్నులు మార్చుకుంటే చాలు. 120 వోల్టులకే తయారైన అమెరికా వీసీఆర్‌కి మాత్రం ట్రాన్స్‌ఫార్మర్ లేకపోతే కాలిపోతుంది.

అపోహ: ఫ్రెంచి డీవీడీ ఆడకపోతే అడాప్టర్ మార్చాలి.

డీవీడీల్లో సెకామ్ లేదు, ఫ్రెంచి డిస్కులూ పాలే. అడ్డొచ్చేది ప్రాంతం కోడ్. ఫ్రాన్స్‌ది 2, మన దేశానిది 5. అది ప్లేయర్ సంగతి, అడాప్టర్‌తో సంబంధం లేదు.

అపోహ: 1080పీ మీట నొక్కితే పాత వీడియో హెచ్‌డీ అవుతుంది.

పెట్టె మీద 720పీ, 1080పీ అని ఉండే మీట బొమ్మను సాగదీసి పంపుతుందంతే. మామూలు వీసీఆర్‌లో ఆడే వీహెచ్ఎస్ టేపులో అడ్డంగా దాదాపు 240 గీతల వివరమే ఉంటుంది. లేని వివరాన్ని ఏ చిప్పూ పుట్టించలేదు. పాత బొమ్మ 4:3 కొలతది. టీవీలో ఆ కొలతే ఎంచుకుంటే మనుషుల ముఖాలు వెడల్పుగా సాగకుండా ఉంటాయి.

బంగారు పూత పిన్నులతో బొమ్మ మెరుగవుతుందన్న మాటా నిజం కాదు. ఉప్పుగాలి తగిలే పుదుచ్చేరిలో వాటికి వేరే ఉపయోగం ఉంది. బంగారానికి తుప్పు పట్టదు కాబట్టి పిన్ను చాలాకాలం గట్టిగా పనిచేస్తుంది.

అపోహ: పుదుచ్చేరిలో పన్ను తక్కువ, ఇక్కడ కొంటే చవక.

ఇది ఒకప్పటి మాట. 2017 జూలై 1 నుంచి జీఎస్‌టీ రేటు చెన్నైలోనూ ఇక్కడా ఒక్కటే. పెట్రోలు, మద్యం జీఎస్‌టీ బయట ఉండటంతో వాటి ధరల్లోనే తేడా మిగిలింది. అడాప్టర్‌కి సంబంధించినంతవరకు నెహ్రూ వీధి దుకాణంలోనైనా చెన్నై రిచీ వీధిలోనైనా తేడా వ్యాపారి లాభంలోనే ఉంటుంది. అందుకే పది రూపాయల బేరం కంటే, అక్కడికక్కడే కలిపి చూపించే, పనిచేయకపోతే తిరిగి తీసుకునే దుకాణం మేలు.

అపోహ: అడాప్టర్ దొరికింది కాబట్టి క్యాసెట్లు ఎప్పుడైనా చూసుకోవచ్చు.

వీసీఆర్‌లు చివరిదాకా తయారుచేసిన జపాన్ సంస్థ ఫునాయ్ 2016 జూలైలో ఆపేసింది. ఉన్న యంత్రాలు అరిగిపోతున్నాయి, సముద్రపు తేమకి టేపులకు బూజు పడుతోంది. టీవీకి కలిపే అడాప్టర్ చూపిస్తుందే గానీ దాచిపెట్టదు. దాచాలంటే వీసీఆర్ మూడు పిన్నులను కంప్యూటర్‌కి కలిపే యూఎస్‌బీ క్యాప్చర్ పరికరం కావాలి. ఫ్రెంచి టేపులకైతే అదీ సెకామ్ తీసుకునేదై ఉండాలి. క్యాసెట్ కిటికీలోంచి చూసినప్పుడు టేపు చుట్ట మీద తెల్లటి పొడి కనబడితే దాన్ని వీసీఆర్‌లో పెట్టకూడదు. బూజు టేపును చదివే హెడ్‌కి అంటుకుని, తర్వాత పెట్టే ప్రతి క్యాసెట్‌కీ పాకుతుంది. ముందు టేపులు శుభ్రం చేసేవారికి ఇచ్చి, ఆ తర్వాతే ఎక్కించాలి.