నడివయసులో పాటల కూటాలు, ప్రయాణాలు: సంతోషంగా వెళ్ళండి, క్షేమంగా రండి



డిసెంబరు వచ్చిందంటే మన సంఘాల్లో ప్రయాణాల సందడి మొదలవుతుంది. క్రిస్మస్ సంగీత కూటాలకు, క్వాయర్ల పాటల రాత్రులకు బస్సు మాట్లాడుకుని కుటుంబాలతో బయలుదేరుతారు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన మెదక్ చర్చిని, దాని 175 అడుగుల శిఖరాన్ని చూడాలని ఎందరికో ఆశ. పిల్లల చదువులు, పెళ్ళిళ్ళు అయ్యాక, యాభై దాటాక గాని చాలామందికి ఆ వీలు దొరకదు.

"ఈ వయసులో మాకెందుకండీ?" అని ఓపీలో అడుగుతుంటారు. వెళ్ళమనే మేము చెబుతాము. నలుగురితో కలిసి పాడటం, కొత్త చోటు చూడటం మనసుకు మేలు చేస్తాయి. అయితే బీపీ, షుగరు బయటపడే వయసూ ఇదే.

ఒక తల్లి మాకు నేర్పిన పాఠం

ఒకసారి పాటల కూటానికి వెళ్ళిన ఒక తల్లిని అర్ధరాత్రి మా ఆసుపత్రికి తీసుకొచ్చారు. విపరీతమైన తలనొప్పి, బీపీ 200 దాటింది. ఆమె రెండు రోజులుగా బిళ్ళ వేసుకోలేదు. "ఎందుకమ్మా?" అంటే మొదట చెప్పలేదు. తరువాత నర్సమ్మతో మెల్లగా అన్నది: "ఆ బిళ్ళ వేసుకుంటే మాటిమాటికీ ఒంటికి వస్తుంది. బస్సు ఆపమని మగవాళ్ళను ఎలా అడగను?" నీళ్ళు కూడా తాగలేదట. దేవుని దయవలన కోలుకున్నది. "మందులు మానకండి" అని ఆమెకు ఎన్నోసార్లు చెప్పాము గాని, ఎందుకు మానుతున్నదో మేము ఒక్కసారైనా అడగలేదు.

బయలుదేరే ముందు

• బీపీ, షుగరు చూపించుకోండి. మూత్రం ఎక్కువ చేసే బిళ్ళ ఏ వేళకు వేసుకోవాలో డాక్టరును అడగండి. మీ అంతట మీరు మానవద్దు.
• మందులు రెండు రోజులకు ఎక్కువే తీసుకుని, చేతిసంచిలో ఉంచుకోండి. ఇన్సులిన్‌ను ఎండలో నిలిపిన బస్సులో వదలకండి.
• షుగరు మందు వాడేవారు భోజనం ఆలస్యం చేయకూడదు. చెమట, వణుకు, కళ్ళు తిరగడం ఉంటే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగాలి. 15 నిమిషాల్లో తగ్గకపోతే మళ్ళీ తాగాలి.

దారిలో

నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చుంటే కాలి నరాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. రెండు గంటలకొకసారి దిగి నడవండి. ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పెడితే ఆలస్యం చేయక డాక్టరుకు చూపించండి. షుగరు ఉన్నవారు చెప్పులు లేకుండా నడవవద్దు. అరికాలికి స్పర్శ తగ్గితే ముల్లు గుచ్చుకున్నా తెలియదు.

కూటంలో

పెద్ద స్పీకర్ల ముందు కూర్చోకండి. 85 డెసిబెల్స్ శబ్దాన్ని ఎనిమిది గంటలు తట్టుకునే చెవి, 100 డెసిబెల్స్‌ను 15 నిమిషాలకు మించి తట్టుకోలేదు. ఇంటికి వచ్చాక చెవిలో హోరు వినిపిస్తే అది హెచ్చరికే. దెబ్బతిన్న వినికిడి నరం తిరిగి రాదు. ఛాతీలో బరువు, చెమటలు, ఆయాసం వస్తే "పాట అయ్యాక చూద్దాం" అనుకోక 108కి ఫోను చేయండి.

సంఘ పెద్దలకు మనవి

బస్సు ఎక్కడెక్కడ ఆగుతుందో ముందే ప్రకటించండి. శుభ్రమైన మరుగుదొడ్డి ఉన్న చోటే ఆపండి. ఎవరూ నోరు తెరిచి అడగవలసిన అవసరం రాకూడదు. మా మందు కంటే ఈ ఏర్పాటే కొందరు తల్లులను కాపాడుతుంది.

అలసిపోయిన ఏలీయాను దూర ప్రయాణానికి పంపే ముందు దేవుడు ఆయనకు నిద్ర, రొట్టె, నీళ్ళు ఇచ్చాడు. శరీరాన్ని చూసుకోవడం భక్తికి అడ్డు కాదు. ఆ తల్లి మరుసటి ఏడు మళ్ళీ కూటానికి వెళ్ళింది, బిళ్ళలతో, నీళ్ళ సీసాతో. బస్సు దారిలో మూడుసార్లు ఆగిందట.

మీ ప్రయాణాలను ప్రభువు దీవించును గాక.